వజ్రాల బాటలో సరాయిలు, కల్లు దుకాణాలు



ఎవరి పేరిట ఈ సభ జరుగుతున్నదో ఆ మాస్టారికి రాజుల కంటే బాటల మీద మక్కువ ఎక్కువ. అందుకే గోల్కొండ వజ్రాల సంగతి పక్కన పెట్టి, వాటి కోసం పోయినవాళ్లు రాత్రిళ్లు ఎక్కడ పడుకున్నారు, ఏం తాగారు అన్నది చెప్పుకుందాం.

ఆ వజ్రాలు దొరికిన కొల్లూరు గని కృష్ణకు ఆవలి ఒడ్డున, పల్నాడు వైపు. అక్కడికి గోల్కొండ నుంచి ఏడు రోజుల ప్రయాణమని ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ రాశాడు. ఆ ఏడు రోజుల్లో ఎక్కువ భాగం మన నల్లగొండ నేల మీదే. ఆయన మజిలీల పట్టికలో 'పెంగెల్' అని కనిపించేది మన పానగల్లే అని నా నమ్మకం. 1618-22 మధ్య మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి మెథ్వోల్డ్ ఆ గనిలో ముప్పై వేల మంది పనివాళ్లని చెప్పాడు. టావెర్నియర్ లెక్కలో ఆడా మగా పిల్లలతో కలిపి అరవై వేలు. లెక్కల్లో అతిశయం ఉంటే ఉండవచ్చు. కానీ అంతమందికి ఆ రాళ్ల నేలలో గింజ పండదు. అన్నీ బయటి నుంచి రావలసిందే, ధరలు మండిపోవలసిందే.

ఇక బస. గోల్కొండ దాటిన కొద్ది కోసులకే 'తెనారా' అనే చోట నాలుగు పెద్ద భవంతులు, తోటలు చూశానంటాడు టావెర్నియర్. అన్నిటికన్నా గొప్పది రాణిగారిది. ఆమె లేనప్పుడు ఎవరైనా లోపలికి పోయి చూడవచ్చు, తోటలో తిరగవచ్చు. ముందున్న పెద్ద చదరం చుట్టూ బీద బాటసారులకు చిన్న చిన్న గదులు. రోజూ పొద్దుగూకే వేళ వాళ్లకు రొట్టె, అన్నం, వండిన కూర పంచేవారు. ఒకరు వండింది ముట్టని హిందువులకు పిండి, కొంచెం నెయ్యి ఇచ్చేవారు. ఎంగిలి, మడి తెలిసిన ఏర్పాటు! ఇది చదివినప్పుడల్లా నాకు హయత్‌నగర్ గుర్తుకొస్తుంది. అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరున్న ఊరు అది. నడుమ మసీదు, చుట్టూ కమానుల గదుల వరస, పక్కన ఏనుగుల బావి. మచిలీపట్నం పోయే బాట మీదే.

అయితే ఇలాంటి బాటసారుల సరాయిలో నీడ దొరుకుతుంది, నీళ్లు దొరుకుతాయి. కల్లు దొరకదు. ఐరోపాలో పడక, భోజనం, మద్యం ఒకే కప్పు కింద అమ్మేవారు. మనకు సరాయి ధర్మానికి, కల్లు సర్కారు ఖజానాకు. రెండింటికీ చోట్లు వేరు. సరాయి రాతి కట్టడం కనుక కొంతైనా నిలిచింది. చెట్టు నీడన లొట్టి, ముంత పెట్టుకుని అమ్మిన దుకాణానికి ఏం మిగులుతుంది?

పొద్దున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పులుస్తుంది, మర్నాటికి నోట పెట్టలేం. దాన్ని నిలవ చేసి అమ్మే వీలు లేదు. అందుకే అయిదారు వందల గుర్రాలు, అటొకటి ఇటొకటి తోలుతిత్తులు వేసుకుని, రోజూ దుడుకు నడకతో రాజధాని నగరంలోకి వచ్చేవని టావెర్నియర్ చెప్పాడు. దాని మీద సుంకం రాజుకు మంచి రాబడి. నగరంలో అంతమంది వేశ్యలను ఉండనిచ్చింది కూడా వాళ్ల వల్ల కల్లు ఎక్కువ ఖర్చవుతుందనే అని నిర్మొహమాటంగా రాశాడు. వజ్రం దొరికితే దొరుకుతుంది, లేకుంటే లేదు. కల్లు మాత్రం రోజూ పారుతుంది. ఆ ఖజానాకు నమ్మకమైన గని తాటిచెట్టే అంటాను నేను.

ఈ బాటలు సంపన్నులకే కాదు, దొంగలకూ తెలుసు. కల్లు గీత కులంలో పుట్టిన సర్వాయి పాపన్న బాటసారి వర్తకులను దోచాడు, 1708లో వరంగల్‌ను, తర్వాత భువనగిరిని కొల్లగొట్టాడు, 1710లో మొగలుల చేతిలో చచ్చాడు. దొరలు బందిపోటన్నవాణ్ణి జనం వీరుడిగా పాడుకున్నారు.

కొల్లూరు గని ఆ తర్వాత ఖాళీ అయింది. దాని చోటు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది. కల్లు మీద రాబడి మాత్రం నిజాం ఆబ్కారీలోకి, కంట్రాక్టర్ల వేలంపాటల్లోకి సాగింది. చెట్టు ఎక్కి ప్రాణం పణంగా పెట్టేవాడికి మిగిలింది తక్కువ. సూర్యాపేటకు చెందిన బొమ్మగాని ధర్మభిక్షం గీతకార్మికులను సంఘంగా కూడగట్టి, గీసేవాడికే చెట్టు దక్కాలని పోరాడారు. ఆ తర్వాత 1991లో, 1996లో నల్లగొండ నుంచి లోక్‌సభకు వెళ్లారు.