మతం కాదన్న పెళ్ళిళ్ళు
(తార్నాకలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్వలింగ జంటల పెళ్ళి హక్కు గురించి మాట్లాడమంటే మామూలుగా కోర్టు తీర్పుతో మొదలుపెడతాం. నేను ఒక తల్లితో మొదలుపెడతాను. ఆమె ఉండేది మౌలాలిలో. కూతురు ఇక్కడే క్యాంపస్‌లో చదువుకుని, ఉద్యోగం చేస్తూ, ఇంకో అమ్మాయితో కలిసి బతుకుతోంది. తల్లి కూతురితో మాటలు మానలేదు గానీ చర్చిలో పాటల బృందానికి వెళ్ళటం మానేసింది. "చట్టం సంగతి నాకెందుకు మేడమ్? రేపు నేను పోతే పాస్టరు గారు వస్తారా? సంఘం వాళ్ళు పెట్టె మోస్తారా?" అని నన్నడిగింది.

మన దగ్గర దీనికి జవాబు లేదు. మతం అనగానే పితృస్వామ్యం అని పక్కన పెట్టటం మనకి అలవాటు. అందుకు కారణాలూ ఉన్నాయి, నేనూ అలాగే రాశాను. కానీ ఆమెకి చావూ బతుకూ జరిగేది ఆ సంఘంలోనే. అక్కడ మనం లేకపోతే మిగిలేది వ్యతిరేకించే గొంతులే.

సుప్రీంకోర్టులో జరిగిందీ అదే. ఆ కేసు మన ఊరిదే. 2021 డిసెంబరులో ఇక్కడే బంధుమిత్రుల మధ్య బెంగాలీ, పంజాబీ ఆచారాలు కలిపి వేడుక చేసుకున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్‌లు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం తమకీ వర్తించాలని కోర్టుకెళ్ళారు. వేరే విషయాల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోని మత పెద్దలు దీన్ని కాదనటంలో మాత్రం ఒక్కటయ్యారు. జమియత్ ఉలమా-ఎ-హింద్ కోర్టులోనే వాదించింది. 2023 అక్టోబరు 17న వచ్చిన తీర్పులో, పెళ్ళి చేసుకోవటం ప్రాథమిక హక్కు కాదనీ, చట్టం మార్చవలసింది పార్లమెంటేననీ ఐదుగురు న్యాయమూర్తులూ అన్నారు. రివ్యూ పిటిషన్లని కూడా 2025 జనవరిలో కొట్టేశారు. ఇక పార్లమెంటు ఎవరి మాట వింటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

నిజానికి ఆ చట్టం కింద జరిగే పెళ్ళికి పూజారీ, ఖాజీ, పాస్టరూ ఎవరూ అక్కర్లేదు. ఏ గుడినీ, ఏ మసీదునీ, ఏ చర్చినీ పెళ్ళి జరిపించమని ఎవరూ బలవంతపెట్టటం లేదు. అడ్డుపడొద్దని మాత్రమే అడుగుతున్నాం. (ఆ చట్టంలోని 30 రోజుల నోటీసు పారిపోయిన జంటల్ని ఇంటివాళ్ళకి పట్టించే ఏర్పాటని మనం ఎప్పటినించో అంటున్నాం, అది వేరే పోరాటం.)

అయితే చట్టం వచ్చినంత మాత్రాన పెళ్ళిళ్ళు జరిగిపోతాయా? వితంతు వివాహ చట్టం 1856లో వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్ళు! శాస్త్రం ఒప్పుకోదన్న పండితులతో ఆయన ఆ శాస్త్రాలు పట్టుకునే వాదించారు. పెళ్ళికి వెళ్ళినవాళ్ళకి వెలి తప్పలేదు. వంటవాళ్ళు రాకపోతే వండిందీ, గోదావరి నించి నీళ్ళు మోసిందీ రాజ్యలక్ష్మమ్మ గారు. ఆమె గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఎన్ని వాక్యాలున్నాయో ఎప్పుడైనా చూడండి. ఇవాళ వితంతువు పెళ్ళి చేసుకుంటే హిందూ మతం పోయిందని ఏ పండితుడూ అనడు. ఆనాడు చట్టం ఉండీ పెళ్ళిళ్ళు లేవు. ఇవాళ పెళ్ళిళ్ళు జరుగుతున్నాయి, చట్టం లేదు.

మౌలాలి గుట్టనే చూడండి. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కొలువులోని యాకూత్ అనే ఖ్వాజాసరా జబ్బుపడి లాలాగూడలో ఉండగా, హజ్రత్ అలీ ఆ గుట్ట మీద ఉన్నట్టు కలగన్నాడనీ, వెళ్ళి చూస్తే రాతి మీద అలీ చేతి గుర్తు కనిపించిందనీ కథనం. ఈనాటికీ ముస్లింలూ హిందువులూ మెట్లెక్కి వెళ్ళేది ఆ గుర్తు కోసమే. గుట్ట కిందే మహ్ లఖా బాయి సమాధి ఉంది. ఆమె 1824లో చనిపోయింది, ఎన్నడూ పెళ్ళి చేసుకోలేదు. యాకూత్‌ని ఇవాళ్టి స్వలింగ ప్రేమికుల జాబితాలో రాసెయ్యటం చరిత్రకి అన్యాయం. నేననేది వేరే. పెళ్ళీ వంశం లేని మనిషి చెప్పిన సాక్ష్యాన్ని మన ఊళ్ళో విశ్వాసులు నమ్మారు, నాలుగు వందల ఏళ్ళకి పైగా దాన్ని మొక్కుతున్నారు.

పెళ్ళి అనే వ్యవస్థనే ప్రశ్నించే మనం ఇంకొకళ్ళని అందులోకి రమ్మనటం ఏమిటని మీలో కొందరు ఇందాక అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పెళ్ళొక్కటే కుటుంబానికి దారి కాదని మద్రాసు హైకోర్టు 2025 మేలో చెప్పింది, పుట్టింటివాళ్ళు బలవంతంగా ఉంచేసిన అమ్మాయి విషయంలో. నేనూ అదే నమ్ముతాను. కానీ వద్దనుకునే స్వేచ్ఛ ఉండాలంటే ముందు హక్కు ఉండాలి కదా! ఫ్యామిలీ పెన్షన్, వీలునామా లేకుండా వచ్చే వారసత్వం, ఇద్దరి పేరునా దత్తత, ఇవన్నీ పెళ్ళికి ముడిపెట్టి, ఆ పెళ్ళి వీళ్ళకి లేదంటున్నారు. అమ్మాయిలకైతే ఇంకో బాధ కూడా ఉంది. ఒప్పుకోని కుటుంబం ఊరుకోదు, మగవాడికిచ్చి పెళ్ళి చేసేస్తుంది. ఆ పెళ్ళిని ఆశీర్వదించటానికి ఏ మతపెద్దా వెనకాడడు. పిల్ల ఏడుస్తున్నా సరే. ఇష్టం లేని ఆ పెళ్ళి పవిత్రం, ఇష్టపడి కలిసి బతికే ఇద్దరిది పాపం ఎలా అవుతుందో వాళ్ళని మనం అడగాలి, వాళ్ళ గ్రంథాల దగ్గరే కూర్చుని అడగాలి.

మీలో చాలామందికి చర్చి మహిళా సంఘాల్లో, భజన మండళ్ళలో, బస్తీ మసీదుల దగ్గర పరిచయాలున్నాయి. వరకట్నం గురించి అక్కడ మాట్లాడారు, తాగుడు గురించి మాట్లాడారు. ఇది కూడా అక్కడ ఎత్తండి. తలుపులు మూస్తారేమో, మొదట్లో వాటికీ మూశారు.

ఆ తల్లి ఈ మధ్య మళ్ళీ ఆదివారాలు చర్చికి వెళ్తోందట. చివరి బెంచీలో కూర్చుంటోంది. పాటల బృందం వాళ్ళు ఇంకా పిలవలేదు.