డాబా చల్లబడితే బిల్లు తగ్గుతుంది

మే నెల వస్తే హుజూరాబాద్‌లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదింటికి కూడా గదిలోకి వేడి దింపుతూనే ఉంటుంది. ఏసీ కష్టమంతా ఆ వేడితోనే. అందుకే ముందు డాబా సంగతి చెబుతాను. ఎండలు ముదరకముందే డాబా కడిగి, ఆరాక తెల్ల సున్నమో, కూల్ రూఫ్ పెయింటో రెండు పూతలు వేయించండి. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది, స్లాబు అంతగా కాగదు. వానలకు సున్నం పోతుంది కాబట్టి ఏటా వేసుకోవాల్సిందే. మన తెలంగాణ రాష్ట్రం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. చిన్న ఇళ్లకు తప్పనిసరి కాదు గానీ, వేసుకుంటే లాభం మనకే.

పడమటి కిటికీకి బయటివైపు తడక కట్టండి. అద్దం దాటి వచ్చిన వేడిని లోపలి కర్టెన్ పూర్తిగా ఆపలేదు.

ఇక ఏసీ. 2020 నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల సెట్టింగుతో వస్తున్నాయి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర సంస్థ బీఈఈ లెక్క. 26లో పెట్టి, సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా తిప్పండి. అదే గదిలో కూలర్ మాత్రం వద్దు, దాని తేమ లాగడానికే ఏసీ అలిసిపోతుంది. రెండు వారాలకోసారి ఫిల్టర్ తీసి, నల్లా కింద కడిగి, నీడలో ఆరబెట్టి మళ్లీ బిగించండి.