అగ్నినిరోధక ద్వారము – దాని ప్రయోజనము

పంచాయతీ సభ్యులారా!

వేసవి గాలిలో తాటాకు ఇండ్ల వరుసకు నిప్పంటుకొనిన ఏమగునో గోదావరి జిల్లాలవారికి వేరుగా చెప్పనక్కరలేదు. పక్కా భవనములలో ఆ భయము లేదని పలువురి నమ్మకము. అచట నిప్పు కప్పు మీదుగా గాక తలుపుల గుండా పోవును. నిప్పుకంటె ముందు పొగ పోవును. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ రోగులుండిన హోటలులో తెల్లవారుజామున జరిగిన అగ్నిప్రమాదమున 10 మంది మరణించిరి. అది తాటాకు పాక కాదు.

అగ్నినిరోధక ద్వారము నిప్పును ఆర్పదు, కొంతసేపు ఆపును. ఆ సేపటిలో జనులు బయటపడవలెను. అది అరగంట ఆగునో, రెండు గంటలు ఆగునో కొలిమిలో పరీక్షించి నిర్ణయింతురు. దీనికి ఐ.ఎస్. 3614 అను భారతీయ ప్రమాణము కలదు. సాధారణముగా రెండు ఉక్కురేకుల నడుమ మండని పదార్థము నింపుదురు. అంచున నుండు పట్టీ వేడికి ఉబ్బి సందులను మూయును. తెరచి విడిచినచో తలుపు తనంతట తానే మూసికొనును. వట్టి ఇనుపరేకు తలుపు దీనికి సాటిరాదు. అది వేడిని ఆవలికి పంపును, వంగి పొగకు దారి యిచ్చును.

కల్యాణ మండపములో దీని స్థానము వంటశాలకును భోజనశాలకును నడుమ. అయితే వడ్డనవారి రాకపోకలకు అడ్డమని దానికి ఇటుక పెట్టి తెరచియుంచుట మేము పలుమార్లు చూచితిమి. (ఆ ఇటుక మాత్రము ఎన్నడును కనబడకపోదు!) అట్టి తలుపునకు పెట్టిన ధనము వృథా.

బయటికి పోవు తలుపు సంగతి వేరు. అది బయటివైపునకు తెరచుకొనవలెను. లోపల జనమున్నంతవరకు దానికి తాళముండరాదు. పిలువని అతిథులు వత్తురని వెనుక తలుపునకు తాళము వేయువారు తమ బంధువులనే లోపల బంధించుచున్నారు.

మనవంటి డెల్టాయే యైన కావేరి తీరమున, కుంభకోణములో, 2004 జూలై 16న బడి వంటశాల నిప్పు పాకకప్పునకు అంటుకొని 94 మంది బాలబాలికలు మరణించిరి. వంటయింటికిని బిడ్డలకును నడుమ నిప్పు నాపునది లేకపోయెను. దిగుటకు మెట్లు ఇరుకు.

గృహనిర్మాణమునకు అనుమతి యిచ్చునది పంచాయతీయే గనుక, మండపము గాని, బడి గాని ప్లాను వచ్చినపుడు ఈ రెండు తలుపులు ఎచట నున్నవో అడుగుడు. కట్టినపిదప పెండ్లి ముహూర్తములకు ముందు ఒకసారి పోయి, వంటశాల తలుపును పూర్తిగా తెరచి విడిచి చూడుడు. గడియ పడునంతవరకు దానంతట అది మూసికొనవలెను. సందేహమున్నచో సమీప అగ్నిమాపక కేంద్రమువారిని సంప్రదింపుడు. ప్రమాదవేళ పిలువవలసిన సంఖ్య 101.