పదహారు గడుల దరువు

పాటకు దరువు వేసిపెట్టే యంత్రాల గురించి, అవి మన ఫోన్లలోకి చేరిన వైనం గురించి ఈ పూట మాట్లాడుకుందాం.

ఫోన్‌లోనో ఐప్యాడ్‌లోనో పాటలు కట్టుకునేవాళ్ల దగ్గర కాసేపు కూర్చుంటే ఒక సంగతి కనిపిస్తుంది. డ్రమ్ యాప్‌లు కొత్తవి వస్తూనే ఉంటాయి. వాటిలో వేలకొద్దీ శబ్దాలు ఉంటాయి. అయినా బీట్ కట్టాల్సి వచ్చేసరికి చాలామంది వేలు పదేళ్లు దాటిన పాత యాప్ మీదికే పోతుంది. అలవాటే అని కొట్టిపారేయొచ్చు గానీ, నాకు అందులో అంతకు మించిన కారణం కనిపిస్తుంది. అది తెలియాలంటే ఫోన్లు పుట్టకముందుకు వెళ్లాలి.

1959లో అమెరికాలో వుర్లిట్జర్ కంపెనీ సైడ్‌మన్ అనే పెట్టెను అమ్మకానికి పెట్టింది. ఒంటరిగా ఆర్గన్ వాయించుకునే కళాకారుడికి పక్కన డ్రమ్మర్ లేని లోటు తీర్చడం దాని పని. లోపల ఒక చక్రం తిరుగుతూ ఉంటుంది. దాని మీద అమర్చిన లోహపు మొనలు తగిలినప్పుడల్లా ఒక దెబ్బ మోగుతుంది. వాల్ట్జ్ కావాలంటే వాల్ట్జ్, టాంగో కావాలంటే టాంగో. వేగం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. అంతే, సొంతంగా ఒక దరువు అల్లుకునే వీలు అందులో లేదు.

ఆ వీలు కోసం పట్టుబట్టినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన మనిషి జపాన్‌లోని ఒసాకాలో పుట్టిన ఇకుతారో కకెహాషి. పదహారేళ్ల వయసులో గడియారాలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. తర్వాత రేడియోలు, ఆ తర్వాత ఆర్గన్లు. పద్ధతిగా సంగీతం నేర్చుకున్నవాడు కాదు. 1967లో ఏస్‌టోన్ కంపెనీ తరఫున రిథమ్ ఏస్ అనే పెట్టె తెచ్చాడు. 1972లో రోలాండ్ కంపెనీ స్థాపించాడు. ఆ పేరు మన దగ్గర కొత్తేమీ కాదు. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, భజన బృందాల్లో, చర్చి క్వైర్లలో ‘ప్యాడ్స్’ వాయించే కుర్రాళ్ల ముందుండే ఆక్టాప్యాడ్ ఆ కంపెనీదే. 1978లో రోలాండ్ తెచ్చిన సీఆర్-78లో మనం కట్టుకున్న దరువును దాచుకునే సౌకర్యం వచ్చింది.

1980లో రెండు యంత్రాలు వచ్చాయి. ఒకటి అమెరికాలో రోజర్ లిన్ తయారుచేసిన ఎల్‌ఎం-1. నిజమైన డ్రమ్ములను రికార్డు చేసి, ఆ శబ్దాలను చిప్పుల్లో నిలవచేశాడు. ధర దాదాపు 5000 డాలర్లు. పెద్ద స్టూడియోలు, పెద్ద పేరున్న గాయకులు కొనుక్కున్నారు. రెండోది రోలాండ్ వారి టీఆర్-808. ఇందులో నిజం డ్రమ్ము ఒక్కటీ లేదు. కిక్ అనే పెద్ద డ్రమ్ము మొదలుకుని చప్పట్ల దాకా ప్రతి శబ్దమూ ఎలక్ట్రానిక్ సర్క్యూట్లలో అప్పటికప్పుడు పుట్టేదే. ధర 1195 డాలర్లు. డ్రమ్ముల్లా వినిపించడం లేదని అప్పట్లో చాలామంది దాన్ని పక్కన పెట్టారు. ఆ మాటా నిజమే. దాని కిక్ చర్మం మీద పడ్డ దెబ్బలా ఉండదు. లోతుగా మొదలై, సాగి సాగి, గుండెల మీద ఆగుతుంది. సుమారు 12,000 యంత్రాలు తయారయ్యాక 1983లో ఉత్పత్తి ఆగిపోయింది. దాని శబ్దంలోని ఒక రకమైన చిటపటకు కారణం లోపం ఉన్న ట్రాన్సిస్టర్లు. ట్రాన్సిస్టర్ల తయారీ మెరుగుపడ్డాక అలాంటివి దొరకడమే మానేశాయి.

అసలు కథ ఇక్కడే మలుపు తిరిగింది. కొన్నవాళ్లు వదిలించుకోవడం మొదలుపెట్టారు. తాకట్టు కొట్లలో, సెకండ్‌హ్యాండ్ సామాన్ల దుకాణాల్లో 808 చవగ్గా దొరికింది. డెట్రాయిట్, షికాగో, న్యూయార్క్ నగరాల్లో స్టూడియోకు డబ్బు కట్టలేని నల్లజాతి కుర్రాళ్లు వాటిని ఇంటికి తెచ్చుకున్నారు. టెక్నో, హౌస్ అని ఇవాళ మనం పిలిచే సంగీతాలు అలాంటి చవక యంత్రాల మీదే పెరిగాయి. హిప్‌హాప్‌కు ఆ కిక్ ఆయువుపట్టు అయింది. 1982లో మార్విన్ గే పాడిన ‘సెక్సువల్ హీలింగ్’, ఆఫ్రికా బంబాటా ‘ప్లానెట్ రాక్’ రెండూ 808 మీద నడిచినవే.

అదే 1982లో మన ముంబైలో మరో పని జరిగింది. హిందీ సినిమా వాద్యబృందాల్లో వాయించే చరణ్‌జిత్ సింగ్ 808ను, రోలాండ్ వారి బాస్ యంత్రం టీబీ-303ను, జూపిటర్-8 సింథసైజర్‌ను కలిపి పది రాగాలకు డిస్కో బీట్ కట్టి ఒక ఎల్‌పీ రికార్డు తెచ్చారు. అది అప్పుడు అమ్ముడుపోలేదు. 2010లో మళ్లీ విడుదలైనప్పుడు విన్న ప్రపంచం ముక్కున వేలేసుకుంది. షికాగోలో ఆసిడ్ హౌస్ అనే హౌస్ శాఖ పుట్టడానికి కొన్నేళ్ల ముందే దాదాపు అదే శబ్దం ముంబైలో భైరవ్ రాగంతో కలిసి వినిపించింది మరి. యంత్రం ఎవరి చేతిలో పడితే వాళ్ల బాణీ పలుకుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

808 ముఖాన్ని ఒకసారి ఊహించుకోండి. కింద ఒకే వరసలో పదహారు మీటలు. నాలుగు ఎరుపు, నాలుగు నారింజ, నాలుగు పసుపు, నాలుగు తెలుపు. నాలుగు లెక్కల తాళంలో ఒక్కో లెక్కకు నాలుగు గడులు. ఒక చిన్న దీపం ఎడమ నుంచి కుడికి పరుగెడుతూ ఉంటుంది. ఒకటి, ఐదు, తొమ్మిది, పదమూడు గడుల్లో కిక్ పెట్టండి. ఐదులో, పదమూడులో చప్పట్లు వేయండి. మూడు, ఏడు, పదకొండు, పదిహేను గడుల్లో ‘త్స్’ మని విచ్చుకునే హైహ్యాట్ పెట్టండి. హౌస్ సంగీతానికి వెన్నెముక తయారైపోయింది. నొటేషన్ చదవడం రానక్కర్లేదు, కర్రలు తిప్పడం రానక్కర్లేదు. ఏ గడిలో ఏముందో కంటికి కనబడుతుంది, తీసేస్తే ఏమవుతుందో చెవికి తెలుస్తుంది.

మన తాళాలకు పదహారు సరిపోదే అనుకుంటున్నారేమో. మూడు మూడుగా నడిచే తిశ్రానికి పన్నెండు గడుల దగ్గర ఆపండి. ఖండచాపుకు పది, మిశ్రచాపుకు పద్నాలుగు. ఎన్ని గడుల దగ్గర వెనక్కి తిరగాలో చెప్పే ఏర్పాటు 808లోనే ఉంది, తర్వాత వచ్చిన మంచి యాప్‌లలోనూ ఉంది. మృదంగం పాఠం చెప్పుకునేవాళ్లు లెక్క సరిచూసుకోవడానికి కూడా ఇది పనికొస్తుంది.

ఈ పదహారు గడులు కంప్యూటర్‌లోకి కూడా 1997లో వచ్చాయి. స్వీడన్‌కు చెందిన ప్రొపెల్లర్‌హెడ్ కంపెనీ రీబర్త్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. రెండు 303లను, ఒక 808ను, తర్వాత రోలాండ్ వారిదే ఇంకో డ్రమ్ యంత్రం 909ను కూడా తెర మీద బొమ్మలుగా గీసి పలికించింది. 2008 జూలైలో యాపిల్ యాప్ స్టోర్ తెరుచుకుంది. ఆ ఏడాదే బీట్‌మేకర్ అనే యాప్ వచ్చింది. ఐఫోన్ తెర చిన్నది, మీటలు ఇరుకు. అసలు ఊపు 2010 ఏప్రిల్‌లో ఐప్యాడ్‌తో వచ్చింది. దాని వెంటే జపాన్ కంపెనీ కోర్గ్ ఐఎలక్ట్రైబ్‌ను దించింది. 1999 నాటి తమ ఎలక్ట్రైబ్ పెట్టెనే తెర మీద నిలబెట్టారు. గుండ్రటి మీటలన్నీ, పదహారు గడులూ ఒక్క తెరలోనే. మెనూలు తవ్వుకుంటూ పోవాల్సిన పని లేదు. గుండీ తిప్పుతూ రికార్డు చేస్తే ఆ తిప్పడమే దరువులో భాగమై ప్రతి చుట్టులోనూ తిరిగి వినిపిస్తుంది.

2010లోనే పాత డ్రమ్ పెట్టెల శబ్దాలను ఒకచోట చేర్చిన ఫంక్‌బాక్స్ వచ్చింది. 2011లో డీఎం1 అనే డ్రమ్ యాప్ వచ్చింది. అంతకుముందే, 2010లో ఇంగ్లండ్ బృందం గొరిల్లాజ్ అమెరికా పర్యటనలో ఉండగా దాని నాయకుడు డేమన్ ఆల్బర్న్ హోటల్ గదుల్లో కూర్చుని ఐప్యాడ్ ముందేసుకుని ‘ద ఫాల్’ అనే ఆల్బమ్ చాలావరకు పూర్తిచేశాడు. అందులో వాడిన యాప్‌లలో ఐఎలక్ట్రైబ్, ఫంక్‌బాక్స్ రెండూ ఉన్నాయి. 2010 క్రిస్మస్ రోజున అభిమానులకు దాన్ని ఉచితంగా ఇచ్చారు. ఇవి ఆటబొమ్మలు అని పెదవి విరిచినవాళ్లకు అంతకంటే గట్టి జవాబు అవసరం లేకపోయింది.

2015లో వచ్చిన ప్యాటర్నింగ్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. అందులో గడులు వరసగా ఉండవు, చక్రంలా పరుచుకుని ఉంటాయి. ఒక్కో వాద్యానికి ఒక్కో చక్రం, ఒక్కో చక్రానికి దాని సొంత గడుల లెక్క. కిక్ పదహారులో, హైహ్యాట్ పద్నాలుగులో తిరుగుతుంటే రెండూ కలిసేదాకా చెవి వాటి వెంటే పోతుంది. 1959 నాటి సైడ్‌మన్ పెట్టెలో కంటికి కనబడకుండా తిరిగిన చక్రం ఇలా తెర మీదికి వచ్చింది.

ఇక ఆండ్రాయిడ్ సంగతి. మన దగ్గర ఎక్కువమంది చేతుల్లో ఉన్నది అదే కదా. మొదటి రోజుల్లో అక్కడ వేలు తగలడానికీ శబ్దం రావడానికీ మధ్య వంద మిల్లీసెకన్లు దాటిన ఆలస్యం ఉండేది. చేత్తో వాయించేవాడికి పది మిల్లీసెకన్లు దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది. 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన మార్పుల వల్ల పరిస్థితి బాగుపడింది. అంతకుముందు కూడా గడుల్లో చుక్కలు పెట్టే యాప్‌లు ఆండ్రాయిడ్‌లో చక్కగానే నడిచాయి. ఎందుకంటే అక్కడ వాయించేది యంత్రం, మన వేలు చెప్పేది ఎక్కడ వాయించాలో మాత్రమే. కాస్టిక్ అనే యాప్‌తో మామూలు ఫోన్లలోనే పూర్తి పాటలు కట్టినవాళ్లు ఉన్నారు.

మరి ఈ పాతవాటినే ఎందుకు పట్టుకుని ఉంటున్నారు? నా మటుకు నాకు తోచేది ఇది. అవి వాద్యాల్లా తయారయ్యాయి. వీణకు ఏడు తంత్రులు ఉంటాయి, ఏటేటా మారవు. వాటి మీద సాధన చేస్తే వేళ్లకు దారి తెలుస్తుంది. పాత డ్రమ్ యాప్ కూడా అంతే. పదో పన్నెండో శబ్దాలు, పదహారు గడులు, ఒక్క తెర. రెండు నెలలు వాడితే చూడకుండా వాయించవచ్చు. ఒకసారి డబ్బు కడితే చాలు, నెలనెలా చందా లేదు, ఖాతా తెరవమని అడగదు, ఇంటర్నెట్ లేకపోయినా రైల్లో కూర్చుని పని చేసుకోవచ్చు. శబ్దాల కోసం వెతకడంలోనే సాయంత్రం గడిచిపోదు. ఉన్న కిక్‌నే సాగదీసి, కుదించి, ఎక్కడ పెడితే పాట లేస్తుందో చూస్తాం. ఆ వెతుకులాటలోనే సొంత బాణీ ఏర్పడుతుంది.

అయితే 808కు దక్కిన అదృష్టం యాప్‌లకు దక్కలేదు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. 808ను కంపెనీ ఆపేసినా వస్తువు మిగిలింది. ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్లింది, చివరికి డబ్బు లేనివాడి దగ్గరికి చేరి చరిత్ర సృష్టించింది. స్టోర్‌లోంచి తీసేసిన యాప్‌కు సెకండ్‌హ్యాండ్ దుకాణం లేదు.

2017 ఏడాదిని చూడండి. ఏప్రిల్ 1న కకెహాషి కన్నుమూశాడు. జూన్‌లో రీబర్త్ ఐప్యాడ్ యాప్‌ను ప్రొపెల్లర్‌హెడ్ ఉపసంహరించుకుంది. తమ హక్కులకు భంగం కలుగుతోందని రోలాండ్ అభ్యంతరం చెప్పడమే కారణం. హక్కుదారుగా రోలాండ్ వాదన రోలాండ్‌కు ఉంది, కాదనలేం. సెప్టెంబరులో ఐఓఎస్ 11 వచ్చింది. 32 బిట్ల యాప్‌లు అందులో తెరుచుకోవడం మానేశాయి. కోర్గ్ లాంటి పెద్ద కంపెనీలు తమవాటిని తిరగరాసుకున్నాయి. ఒక్కరో ఇద్దరో కూర్చుని రాసిన చిన్న యాప్‌లు చాలా అక్కడితో ఆగిపోయాయి.

అందుకే ఐఫోన్ 5, నాలుగో తరం ఐప్యాడ్ లాంటివి ఇవాళ కొందరికి అపురూపమయ్యాయి. అవి ఐఓఎస్ 10 దాటి ముందుకు వెళ్లలేవు. ఆ వెళ్లలేకపోవడం వల్లే పాత యాప్‌లు వాటిలో ఇంకా పలుకుతున్నాయి. మీ ఇంట్లో అలమరాలో అలాంటిది ఉంటే దయచేసి చెరిపేసి ఎవరికీ ఇచ్చేయకండి. ముందు దాన్ని తెరిచి, ఏ డ్రమ్ యాప్ ఉందో చూడండి. వాటికి మామూలు హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటుంది, ఒక తీగతో మిక్సర్‌కు కలపవచ్చు.

మీరు కట్టుకున్న దరువులను గళ్ల కాగితం మీద రాసిపెట్టుకోండి. అడ్డంగా పదహారు గడులు, నిలువుగా ఒక్కో వాద్యానికి ఒక్కో వరస. ఆ కాగితం ఉంటే ఏ యాప్‌లోనైనా తిరిగి వేసుకోవచ్చు. శబ్దాన్ని మాత్రం కాగితం దాచలేదు. దానికి ఒక సాయంత్రం కేటాయించి కిక్ ఒక్కటే, స్నేర్ ఒక్కటే, చప్పట్లు ఒక్కటే, మధ్యలో ఖాళీ వదులుతూ కంప్యూటర్‌లోకి రికార్డు చేసుకోండి. గుండీని ఒక చివర, మధ్యలో, మరో చివర పెట్టి మూడేసి సార్లు తీసుకుంటే ఇంకా మంచిది. ఫైళ్లకు యాప్ పేరు, వాద్యం పేరు, తేదీ పెట్టి రెండు చోట్ల దాచండి. రోజర్ లిన్ నిజం డ్రమ్ములను ముందు పెట్టుకుని చేసిన పని కూడా ఇదే.