మూగజీవాల ఆశ్రయం: నల్లరేగడి సీమకు తగిన కట్టడం



ప్లాటినం జూబిలీ సభలో విద్యను గురించి, క్రమశిక్షణను గురించి ప్రసంగించుట ఆనవాయితీ. కుక్కలను, గొడ్లను గురించి ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. కాని ఈ విషయం పాఠశాల గేటు వద్దకే వచ్చి నిలిచినది. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు వెలువరించినది. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు స్టాండులు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుండి వీధికుక్కలను తొలగించి, సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకాలు జరిపించి, ఆశ్రయాలలో ఉంచవలెననీ, తిరిగి అదే చోట విడువరాదనీ అందులో ఆదేశమున్నది. రహదారులపై తిరుగాడే పశువులను కూడ గోశాలలకు చేర్చవలెనని అదే ఉత్తర్వు చెప్పినది. పిల్లలను బడికి పంపే తల్లులకు ఇది ఊరట కలిగించే మాటే. అయితే ఆ ఆశ్రయం ఎక్కడ ఉన్నది, ఎట్లా ఉండవలెను అనే ప్రశ్నకు ప్రతి ఊరూ తానే సమాధానం వెదకుకొనవలసి ఉన్నది.

కోవిల్‌పట్టి నుండి సాత్తూరు మీదుగా విరుదునగర్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరం. 44వ జాతీయ రహదారి ఈ మూడు పట్టణాలనూ కలుపుతున్నది. దారికి ఇరుప్రక్కలా నల్లరేగడి నేల; ప్రత్తి, సజ్జ, జొన్న, మినుము పండే వానకారు భూములు. కమ్మవారు, రెడ్లు, రాజకంబళం వారు, రాజులు మొదలైన తెలుగువారు శతాబ్దాల క్రిందటనే ఈ సీమకు వచ్చి స్థిరపడినారు. ఆ వలసకథను తమిళంలో నవలగా వ్రాసిన కి. రాజనారాయణన్ కోవిల్‌పట్టి సమీపంలోని ఇడైసెవల్ గ్రామవాసి, ఇంట తెలుగు మాట్లాడినవారు. తమిళంలో ‘పట్టి’ అనగా పల్లె అనే గాక, పశువులను తోలి ఉంచే దొడ్డి అనే అర్థం కూడ ఉన్నది. పశువు నిలిచిన చోటనే మనిషి నిలిచినాడని ఈ సీమలోని ఊళ్ళ పేర్లే చెప్పుచున్నవి.

తెలుగు రైతు ఇంటిలో గొడ్లచావిడి ఇంటికి అంటుకొనియే ఉండేది. మట్టిగోడ, తాటాకు కప్పు, గాటికొయ్య, కుడితి తొట్టి, ప్రక్కనే పెద్దవారి నులకమంచం. రాత్రి ఎద్దు నెమరు వేయడం మానివేస్తే మంచం మీది మనిషికి తెలిసిపోయేది. ఆ కట్టడంలో గొప్ప శిల్పమేమీ లేదు. జబ్బును మొదటి ఝాములోనే పసిగట్టే ఏర్పాటు మాత్రం ఉన్నది. గొర్రెలకు మరొక పద్ధతి ఉండేది. కోతలైన తరువాత చేలలో రాత్రిపూట మంద నిలిపి, మరునాడు మరొక చేనికి మార్చేవారు. ఎరువు నేలకు దక్కేది, రోచ్చు ఒకచోట పేరుకొనేది కాదు.

1871 నాటి పశువుల అతిక్రమణ చట్టంతో బందెలదొడ్డి సర్వత్రా వ్యాపించినది. చేలో పడిన పశువును అందులో బంధించడం, యజమాని జరిమానా, మేత ఖర్చు చెల్లించి విడిపించుకొనడం, ఎవరూ రాకపోతే వేలం వేయడం దాని పద్ధతి. అది పంటకు రక్షణగా పుట్టినదే గాని పశువు సుఖానికి గాని, అక్కడికి వచ్చే మనిషి సౌకర్యానికి గాని కట్టినది కాదు. నేటి ఆశ్రయాలలో అనేకం పేరుకు ఆశ్రయాలే అయినా, వాటి గోడలూ తలుపులూ చూస్తే చావిడి కంటె బందెలదొడ్డికే దగ్గరి చుట్టాలని అనక తప్పదు.

ఈ విషయంలో ప్రజల మనసును తెలుసుకొనక చేసిన పనులు ఎట్లా పరిణమించినవో చరిత్రలో ఉన్నది. 1832లో బొంబాయిలో వీధికుక్కలను చంపించుటకు ప్రభుత్వం పూనుకొన్నప్పుడు పార్సీలు తదితరులు తిరుగబడినారు, పట్టణం అల్లకల్లోలమైనది. 1834లో అక్కడ పాంజరాపోల్ స్థాపితమైనది. లండనులో 1860లో ఆరంభమైన కుక్కల శరణాలయం తరువాత బాటర్‌సీకి మారి నేటికీ నడుస్తున్నది. మద్రాసులో 1959లో బ్లూ క్రాస్, 1992లో హైదరాబాదు బ్లూ క్రాస్, 1996లో విశాఖపట్నంలో జంతు సంరక్షణ సంఘం ఏర్పడినవి. మద్రాసు బ్లూ క్రాస్ వారు 1964లోనే కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్సలు ప్రారంభించినారు. అదే మార్గం 2001లోను, మరల 2023లోను కేంద్రప్రభుత్వ నియమాలలో చోటుచేసుకొన్నది.

ఇక కట్టడం సంగతి. నల్లరేగడిలో మొదటి చిక్కు నేలతోనే. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొని, చేయి దూరేంత బీటలు వారే స్వభావం దానిది. ఆ మట్టి మీద నేరుగా వేసిన సిమెంటు గచ్చు ఏడాది రెండేళ్ళలో పగులుతుంది. ఆ పగుళ్ళలో మూత్రం, పేడ నిలిచి దుర్గంధం పుట్టును. అంతకంటె ప్రమాదం, రోగక్రిములు స్థిరనివాసం ఏర్పరచుకొనును. కుక్కపిల్లలను రక్తవిరేచనాలతో బలిగొనే పార్వో వైరస్ నెలల తరబడి నేలలో జీవించి ఉండగలదు. ఒక పిల్ల మరణించిన గదిలో గచ్చు సరిగా కడుగుటకు వీలులేకుంటే తరువాత వచ్చిన పిల్లకూ అదే గతి. కనుక పై మట్టిని లోతుగా తొలగించి, ఇసుక, మొరం నింపి దిమ్మిస కొట్టి, ఆ పైన గచ్చు వేయవలెను. గచ్చు నునుపుగా ఉంటే గొడ్డు కాలు జారును, మరీ గరుకైతే గిట్టలు అరుగును. కాలువ వైపు కొద్దిపాటి వాలు ఉండవలెను. గోడా గచ్చూ కలిసే మూలలను గుండ్రంగా తీర్చితే చీపురుకు అందని చోటు ఉండదు. కంటికి కనబడని ఈ పనికి డబ్బు ఖర్చు చేయుటకు దాతలు వెనుకాడుతారు. ముఖద్వారపు తోరణానికి మాత్రం వెంటనే ఇస్తారు.

కట్టడం పొడవు తూర్పు పడమరలుగా ఉంటే మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు. ఉత్త రేకుల కప్పు ఈ సీమ వేసవికి పనికిరాదు. పెంకు గాని, రేకు పైన తాటాకు గాని కప్పి, చూరు బాగుగా వెలుపలికి దించవలెను. పెద్ద ఆవుకు నీడలో 3.5 చదరపు మీటర్లు, ఆరుబయట 7 చదరపు మీటర్లు కనీస స్థలమని లెక్క. మేకలకు నేల నుండి ఎత్తుగా, సందులున్న చెక్కల అరుగు కట్టితే పెంటికలు క్రింద పడి కాళ్ళు పొడిగా ఉంటాయి. ఈ ప్రాంతపు సొంత జాతి కన్ని మేక తడినేల మీద త్వరగా జబ్బుపడుతుంది. వింత ఏమంటే, కన్ని అనే పేరు ఇక్కడ ఒక వేటకుక్క జాతికీ ఉన్నది.

వేటకుక్కల సంగతి ప్రత్యేకించి చెప్పవలెను. రాజపాళయం, చిప్పిపారై జాతులు రెండూ విరుదునగర్ జిల్లా ఊళ్ళ పేర్లతోనే ప్రసిద్ధి. రాజపాళయం కుక్క బొమ్మతో 2005లో తపాలాబిళ్ళ కూడ వెలువడినది. చిప్పిపారై, కన్ని జాతులు వాసన కంటె చూపునే నమ్ముకొని వేటాడేవి. కంటికి కదలిక కనబడితే ఉరుకుతాయి. ఇనుప చువ్వల గదులను ఎదురెదురుగా కట్టితే రోజంతా ఒకదానినొకటి చూచుకొని మొరుగుతూనే ఉంటాయి. గదుల మధ్య కంటి ఎత్తు వరకు గోడ కట్టి, పరుగెత్తుటకు పొడవైన బారు విడిచిపెడితే సగం రొద తగ్గును. తెల్లని రాజపాళయం పిల్లలలో కొన్ని పుట్టు చెవిటివి. వాటి వద్దకు వెనుక నుండి వెళ్ళి తాకితే బెదరి కరవవచ్చును. కనుక తలుపు కుక్క చూపుకు ఎదురుగా ఉండవలెను. శివకాశి ఈ జిల్లాలోనిదే కాబట్టి దీపావళి టపాకాయల సంగతి విస్మరించరాదు. ఈశాన్య ఋతుపవన వర్షాలు, పండుగ చప్పుడు ఒకేమారు వస్తాయి. దళసరి గోడలతో, వీధివైపు కిటికీ లేని లోగది ఒకటి ఆ వారం కోసం తప్పక కావలెను.

ఇంతవరకు చెప్పినది జంతువుల సౌకర్యం. మనుషుల సంగతి చాలా ప్రణాళికలలో చివరి పుటలో ఉంటుంది, అక్కడనే పొరబాటు. కుక్క కరచిన బిడ్డ గాయాన్ని సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టించవలెను. కరచిన కుక్కను పది దినాలు పరిశీలనలో ఉంచుతారు. ఆ పది దినాలూ ఆ బిడ్డ తల్లికి నిద్ర ఉండదు. ఆమె వచ్చి, ఎవరినీ బ్రతిమాలక, జాలీ వెలుపల నిలిచి ఆ కుక్క తింటున్నదా లేదా అని కళ్ళారా చూచుకొనుటకు వేరే దారి, కూర్చొనుటకు నీడ ఉండవలెను. పరిశీలన గది మిగిలిన గదులకు దూరంగా ఉండవలెను. దాని నీరు వేరే కాలువలో పోవలెను. ప్రతి వరుస చివర ఒక కుళాయి, సబ్బు ఉండవలెను. పనివారికి ముందుగానే రేబీస్ టీకాలు వేయించి, స్నానానికి, బట్టలు మార్చుకొనుటకు, అన్నం తినుటకు విడిగా గది ఇవ్వవలెను. పేడ ఎత్తిన చేతులతో చెట్టుక్రింద కూర్చొని అన్నం తినే మనిషి ఏ జంతువునైనా ఎంతకాలం ప్రేమతో చూడగలడు?

పశువులను లారీ నుండి దింపే దారిని గురించి అమెరికా శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ చేసిన పరిశీలన గమనించదగినది. నేల మీద నీడచార, నీటి మెరుపు, వ్రేలాడే గొలుసు ఏది కనబడినా పశువు ఆగిపోతుంది. దానిని కొట్టవలసి వస్తుంది. దారిని వంపుగా, ప్రక్కలు కనబడకుండా కట్టితే కర్రతో పని ఉండదు. కర్ర లేనిచోట పనివానికీ దెబ్బలు తక్కువ.

ఎన్ని గదులు కట్టినా ఊరిలోని కుక్కలన్నింటికీ చోటు చాలదు. గదుల కంటె ముందు శస్త్రచికిత్స గది, దాని ప్రక్కన కోలుకొనే గది కావలెను. వీధివైపు వెలుతురుగల ఒక ముంగిలి గదిలో పెంపకానికి ఇవ్వదగిన కుక్కలను ఉంచవలెను. బడి వదలిన తరువాత పిల్లలు పెద్దలతో కూడి వచ్చి చూచుటకు అక్కడ బల్లలు వేయించవచ్చును. చెరువులు ఎండే చైత్ర వైశాఖాలలో ఈ సీమలో నీరే అన్నింటికంటె కరవు. కనుక కప్పు మీది వాననీటిని నిలిపే తొట్టి పునాదితోపాటే త్రవ్వవలెను. కట్టడం పూర్తయిన తరువాత దానికి స్థలమూ మిగలదు, డబ్బూ మిగలదు.