మన్యపు జ్వరము - గోడమీది మందు

(పంచాయతీ సభ్యుల కొరకు ప్రసంగ పాఠము)



అరకు లోయలోను, పాడేరు కొండలలోను వానలతోపాటు చలిజ్వరము వచ్చును. చోడి చేనికి కలుపు తీయు వేళ మనిషి మంచము పట్టినచో ఆ ఏటి తిండికే లోటు. జ్వరనివారణకు ఉన్న ధనము మితము. దానిని ఏ పనికి వెచ్చించిన ఎక్కువ ఫలము కలుగును? దీనికి గణితశాస్త్రము జవాబు చెప్పుచున్నది. ఆ జవాబునే మేము తమకు మనవి చేయుచున్నాము.

1897లో సికింద్రాబాదున రొనాల్డు రాస్ అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. తరువాత ఆయనయే లెక్క కట్టి, ప్రతి దోమను చంపనక్కరలేదని చూపెను. ఒక రోగినుండి సగటున ఒకరికంటె తక్కువమందికి సోకునట్లు చేసిన చాలును, వ్యాధి సన్నగిల్లును. జార్జి మాక్డొనాల్డు ఆ లెక్కను పెంచి, దోమ ఆయువును తగ్గించుటయే బలమైన ఉపాయమని తేల్చెను.

ఎట్లన, రోగిని కుట్టిన దోమలో క్రిమి పక్వమగుటకు సుమారు పది దినములు పట్టును. అట్టి దోమలు 100 ఉన్నవనుకొందము. దినమునకు పదింట తొమ్మిది బ్రతికినచో పది దినములకు 35 మిగులును. పదింట ఏడే బ్రతికినచో 3 మాత్రమే మిగులును. జ్వరమును పంచగలవి ఆ మిగిలినవే.

మన కొండవాగుల అంచున పుట్టు ఫ్లూవియాటిలిస్ దోమ మనుష్యరక్తము కోరి ఇల్లు జొచ్చి, గోడపై వాలును. గోడకు మందు కొట్టుట అందుకే. ఆ మందుపై ఎర్రమట్టి పూసినచో అది దోమకు తగలదు. వసారాకు మాత్రమే కొట్టించుకొని లోపలిగది చూపనిచోటను ఇదే నష్టము. ఖర్చు ఖర్చే, ఫలము సున్న.

1953లో జాతీయ కార్యక్రమము ప్రారంభమైన పిమ్మట, దేశమున రోగుల సంఖ్య 1965 నాటికి సుమారు లక్షకు తగ్గెను. పట్టు సడలుటచేతను, దోమలు మందుకు అలవాటుపడుటచేతను 1976లో అది 64 లక్షలకు పెరిగెను.

కావున సభ్యులారా, మందు కొట్టు తేదీని ముందుగా చాటింపు వేయించుడు. పూతపని చేయు స్త్రీలతో స్వయముగా మాట్లాడి, పండుగ పూతలు అంతకుముందే ముగియునట్లు చూడుడు. తరువాత రెండు మూడు నెలలు గోడను ముట్టవలదు. జ్వరము తగిలినవారికి ఆశా కార్యకర్తచే ఆ దినమే రక్తపరీక్ష చేయించి, మందు పూర్తిగా వాడించుడు. దోమతెరలో పండుకొనుట పిల్లలకు అలవాటు చేయుడు.

మందు ప్రభుత్వము పంపును. గోడను కాపాడుట మన పని.