పబ్లిక్ ప్రాసిక్యూటరు ఎవరి పక్షము?
(పొదిలి ప్రాంత పంచాయతీ సభ్యులకై చేసిన ప్రసంగము)



గట్టు తగాదాలో తల పగిలిన రైతు, "ప్లీడరునకు ఫీజెక్కడ తెత్తును?" అని కేసు వదలుకొనుట మేము వినుచున్నాము. పోలీసులు చార్జిషీటు వేసిన కేసులో అతడు ఫీజు చెల్లింప నక్కరలేదు. మేజిస్ట్రేటు కోర్టులో అసిస్టెంటు పబ్లిక్ ప్రాసిక్యూటరు, సెషన్సు కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటరు ప్రభుత్వ పక్షమున ఆ కేసు నడుపుదురు. సెషన్సు కోర్టు పదవికి కనీసము 7 ఏండ్లు అడ్వకేటుగా పనిచేసి యుండవలెను.

పూర్వము మేజిస్ట్రేటు కోర్టులలో పెక్కు కేసులను పోలీసు అధికారులే నడపెడివారు. దర్యాప్తు చేసిన శాఖయే వాదించుట తగదని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు ఆ పద్ధతిని మార్చినది. 2024 జులై 1 నుండి దాని స్థానమున భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులో నున్నది. ప్రాసిక్యూషను డైరెక్టరేటు హోం శాఖ అజమాయిషీలో పనిచేయును.

కావున ప్రాసిక్యూటరు పోలీసుల వకీలు కాడు. ఫిర్యాదిదారుని వకీలును కాడు. ముద్దాయికి అనుకూలమైన సాక్ష్యమున్నను దాచరాదు. కేసు ఉపసంహరింపదలచినచో కోర్టు అనుమతి కావలెను. ఇక రచ్చబండవద్ద పెద్దలు రాజీ కుదిర్చినంత మాత్రమున హత్యాయత్నపు కేసు ఎట్లు పోవును?

చేదైనను ఒక మాట చెప్పవలెను. సాక్షిని మాన్పించువారు తరచుగా ఊరి పెద్దలే. సాక్షి ఎదురు తిరిగినచో ఎంతటి ప్రాసిక్యూటరైనను చేయగలది స్వల్పము. సమన్లందిన సాక్షిని వాయిదానాడు బస్సెక్కించుడు. బాధితుడు తన సొంత అడ్వకేటును పెట్టుకొనగోరినచో, కోర్టు అనుమతితో ఆ అడ్వకేటు ప్రాసిక్యూటరునకు తోడ్పడవచ్చును.